సుబేదారు ఏం తిన్నాడు?

గంగాధరరావు స్కూటరు వీధిలో ఆపి పెరట్లోకి వచ్చేసరికి, తారామణి వసారాలో నేలమీద కూర్చుని, కుక్క తల ఒళ్లో పెట్టుకుని, ఉగ్గుగిన్నెతో దానికి మజ్జిగ పడుతోంది. కుక్క తాగడం లేదు. మజ్జిగంతా మూతి పక్కనుంచి కారి ఆమె చీరమీద పడుతోంది. ఆ ఇంట్లో పసిపిల్లలు లేరు గానీ ఉగ్గుగిన్నె ఉంది. పెళ్లయిన ఏడాదే తెనాలి నుంచి వాళ్లమ్మ ఆశగా పంపించింది. అది గూట్లోంచి కిందికి దిగడం ఇదే మొదటిసారి.

కుక్క పేరు సుబేదారు. సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్న రిటైర్డు సుబేదారు ఒకాయన దాన్ని పిల్లగా ఉన్నప్పుడు ఉమామహేశ్వర్ చేతిలో పెట్టాడు. ఇచ్చినాయన హోదానే ఉమామహేశ్వర్ పేరుగా తగిలించేశాడు. నాచారం వీధుల్లో పిల్లలు "సుబేదారు సాబ్ వస్తుండు" అని పక్కకు తప్పుకునేవారు, వాడూ ఆ మర్యాదకు లోటు రాకుండా తల ఎత్తుకు నడిచేవాడు. ఇప్పుడు ఆ తల ఎత్తడానికి మరో మనిషి సాయం కావలసి వస్తోంది.

ఉమామహేశ్వర్ తారామణి భర్త. ఉప్పల్ రోడ్డులోని ఒక పరిశోధనాలయంలో సైంటిస్టు. శివరాత్రి నాటి సాయంత్రం "నీ ఉపవాసం విడవడానికి పళ్లు పట్టుకొస్తాను" అని చెప్పి సైకిలెక్కి వెళ్లాడు. సైకిలు మర్నాడు మౌలాలి స్టేషనులో దొరికింది. మనిషి దొరకలేదు. పోలీసులు నాలుగు రోజులు తిరిగి, అతగాడు ఆఫీసులోని టైపిస్టు రాజ్యంతో రైలెక్కి ఉడాయించాడని తేల్చి చేతులు దులుపుకున్నారు. ఆ అమ్మాయి కూడా అదే వారంలో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వెళ్లిపోవడం వాళ్లకు బాగా కలిసొచ్చింది. తారామణి నమ్మలేదు. ప్రైవేటు డిటెక్టివ్ గంగాధరరావును పెట్టుకుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు గంగాధరరావు.

"నేనే చంపేస్తున్నానండీ వీణ్ణి."

ఆమె ఏడవడం లేదు. ఏడుపు ముందే అయిపోయినట్టుంది.

"రోజూ రాత్రి ఇద్దరికీ వండుతున్నాను. ఆయన వాటా తీసి గూట్లో మూతపెట్టి ఉంచుతాను. పొద్దున దాకా చూసి, వీడికి పెట్టేస్తాను. ఈ ఎండలకి నిన్న పప్పన్నం కాస్త వాసనొచ్చింది. అయినా పారబొయ్యబుద్ధి కాలేదు. పెట్టాను. మధ్యాహ్నం నుంచి వాంతులు. రాత్రికి రక్తం పడింది."

"ఒక్కరికే వండుకోవచ్చు కదమ్మా?" అనబోయి గంగాధరరావు నాలుక కరుచుకున్నాడు. ఆయన భార్య పోయి ఆరేళ్లయింది. ఇప్పటికీ పొద్దున్నే కాఫీ కలిపేటప్పుడు చెయ్యి రెండో గ్లాసు కోసం పోతూనే ఉంటుంది. ఆ చేతికి బుద్ధి చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఆయన అడగలేదు గానీ ఆమె జవాబు చెప్పేసింది. "వండటం మానేస్తే ఆయన రారని నేను ఒప్పుకున్నట్టే కదండీ. అందుకని మానలేదు. నా పిచ్చికి వీడు బలైపోతున్నాడు."

వసారా స్తంభం పక్కన పశువుల డాక్టరు గోపాలరావు మోకాళ్లమీద కూర్చుని కుక్క కాలి నరంలోకి సెలైన్ సూది సర్దుతున్నాడు. సీసా వేలాడదీయడానికి అక్కడ కొక్కెం లేదు. దాన్ని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని పొడుగాటి మనిషి ఒకాయన నిలబడ్డాడు. తెల్లటి లాల్చీ, ఎండకు నల్లబడ్డ మెడ. పేరు బసవరాజు. పెరటి గోడ అవతల ఎనిమిదెకరాల ద్రాక్షతోట ఆయనదే. ఉమామహేశ్వర్‌కి స్నేహితుడు. తెల్లవారకముందే జీపేసుకుని నగరంలోకి పోయి డాక్టరును నిద్రలేపి తీసుకొచ్చింది కూడా ఆయనే.

"ఎంత సేపటి నుంచి పట్టుకున్నారు పటేల్?" అన్నాడు గంగాధరరావు.

"ఎంత సేపైతేంది సార్. ఇది బతకాలె. ఇది గూడ పోతే తారామణి గారు తట్టుకోలేరు."

ఆ మాటలో కల్తీ లేదు. గంగాధరరావు మనుషుల గొంతులు వినీ వినీ తల నెరిసినవాడు, ఆ పాటి ఆయనకు తెలుస్తుంది. కాని ఆ పిలుపు దగ్గర మాత్రం ఆయన మనసు ఒక క్షణం ఆగింది. ఈ ఊరివాళ్లు పక్కింటి ఆడమనిషిని చెల్లె అనో, వదినె అనో ఏదో ఒక వరస కలపకుండా పిలవరు. బసవరాజు ఏ వరసా కలపలేదు.

"డాక్టరు గారూ, పాచి అన్నం చేసిన పనేనా ఇది?"

గోపాలరావు తల అడ్డంగా ఊపాడు. "నాకు నమ్మకం లేదు. పాచి అన్నానికి ఇంత రక్తం పడదు. ఏం తిన్నాడో తెలిస్తే దానికి తగ్గట్టు చేస్తాను. తెలియకుండా చేసేదంతా చీకట్లో తడుముకోవడమే. సాయంత్రం దాకా నిలబడితే ఆశ ఉంది."

గంగాధరరావు చెప్పులు విప్పి పెరట్లోకి దిగాడు. తారామణి శుభ్రమైన మనిషి. కుక్క కక్కినచోటల్లా నీళ్లుకొట్టి కడిగేసింది. డిటెక్టివులకు ఇలాంటి ఇల్లాళ్లతో పెద్ద చిక్కు. అయితే చాకిరేవు బండ వెనక్కి ఆమె చూపు పోలేదు. ఆయన అక్కడ గొంతుక్కూర్చుని, చీపురుపుల్ల విరిచి కెలికాడు. మెతుకులు కొన్ని ఉన్నాయి. వాటితోపాటు అదిమి ఎండబెట్టినట్టున్న నల్లటి పెళ్లలు, వాటిలో మచ్చల మచ్చల పెంకు తునకలు. తెల్లగా, గరుగ్గా ఇంకేవో ముక్కలు. పుల్లమీద ఒక పెళ్లను తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

భువనగిరిలో మేనమామకు ఆముదం మిల్లుండేది. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడే గడిపాడు. నూనె పిండగా మిగిలిన చెక్కను మిల్లు వెనక కుప్ప పోసేవారు. ఒకసారి పిల్లలంతా ఆటలో పడి దడి తలుపు వెయ్యడం మరిచిపోతే ఊళ్లో మేకలు పడి ఆ చెక్క తిన్నాయి. తిన్న పూట బాగానే ఉన్నాయి. మర్నాడు ఒక్కొక్కటే రక్తం పారుతూ కూలిపోయాయి. ఆ రోజు మేనమామ కొట్టిన దెబ్బలు వీపు మరిచిపోయింది, ముక్కు మాత్రం ఆ వాసనను మరిచిపోలేదు.

ఆయన చేయి కడుక్కుని వసారాలోకి వచ్చాడు.

"మొన్న వీడు ఎక్కడికైనా వెళ్లాడా అమ్మా?"

"మొన్న సాయంత్రం గొలుసు తెంపుకున్నాడు. ఆ దిడ్డి తలుపులోంచి తోటలోకి పరుగెత్తాడు. దీపాలు పెట్టే వేళకి తనే వచ్చాడు. మూతంతా మట్టి. నేను కోప్పడ్డాను కూడా. పాపం, ఆయన కోసం వెతుక్కుని ఉంటాడు."

"మరి గొలుసెందుకు కట్టారు? ఇదివరకు వీధంతా తిరిగేవాడుగా."

తారామణి బసవరాజు వైపు చూసింది. ఆయనే అందుకున్నాడు. "నేనే కట్టెయ్యమన్న సార్. ఉమామహేశ్వర్ పోయిన కాన్నుంచి ఇది పిచ్చిదాని లెక్క ఉరుకుతున్నది. వరంగల్ రోడ్డు దగ్గరనే ఉండె. ఏ లారీ కిందనో పడ్తదని భయం."

కారణం చక్కగానే ఉంది. గంగాధరరావు తల ఊపి తారామణి పక్కనే వసారా గట్టుమీద కూర్చున్నాడు. బెజవాడ నుంచి రాత్రి బండికి వచ్చాడాయన. వచ్చిన పని చెప్పక తప్పదు. అది మంచి వార్తో చెడ్డ వార్తో దారంతా ఆలోచించినా తేలలేదు.

"రాజ్యాన్ని చూసి వచ్చానమ్మా. మేనమామ కొడుకుతో పెళ్లయింది. పసుపుబట్టలతోనే కాఫీ ఇచ్చింది. మీ ఆయనకీ ఆ అమ్మాయికీ ఏ సంబంధమూ లేదు. ఆయన కనిపించడం లేదన్న సంగతి నేను చెప్పాకే ఆమెకు తెలిసింది."

తారామణి చేతిలో ఉగ్గుగిన్నె కిందికి వాలింది. ఆమె ముఖంలో సంతోషం కోసం ఆయన వెతికాడు. ఒక్క చుక్క లేదు.

"అయితే ఆమె దగ్గర లేరా?" అంది మెల్లగా. "రాజ్యంతో వెళ్లారని అందరూ అంటుంటే నేను నమ్మలేదనుకున్నారు కదూ? పగలు నమ్మేదాన్ని కాదు. రాత్రి పడుకున్నాక నమ్మేదాన్ని. ఎవరో ఒకరు వేళకి అన్నం పెడుతున్నారులే, ఎక్కడో ఒకచోట ఉన్నారులే అని కాస్త నిద్ర పట్టేది. ఇక అదీ లేదన్నమాట."

బసవరాజు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సీసా ఉన్న చెయ్యి మాత్రం కదల్లేదు.

అప్పుడే వీధిలో పోలీసు జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ చిదంబరం ముందూ, ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య రెక్కలు విరిచి పట్టుకున్న ఒక ముసలి మనిషి వెనకా, నెత్తీ నోరూ కొట్టుకుంటూ ఒక ఆడమనిషి ఆ వెనకా పెరట్లోకి వచ్చారు. ముసలివాడు సిద్దయ్య, బసవరాజు తోటకు కావలి మనిషి. ఆడమనిషి అతని భార్య ఐలమ్మ. చిదంబరం ఒకప్పుడు గంగాధరరావు కింద సబ్ఇన్‌స్పెక్టరు. అప్పట్లో సెల్యూట్ కొట్టిన చెయ్యి ఇప్పుడు మీసం దువ్వుకోవడంలో తీరిక లేకుండా ఉంది.

"క్యా గంగాధరరావ్ సాబ్! బెజవాడ పోయొచ్చిన్రట. పెండ్లి భోజనం మంచిగున్నదా?"

"బాగుంది చిదంబరం. నువ్వు రైలెక్కించిన పెళ్లికూతుర్నే చూసొచ్చాను. పెళ్లికొడుకు మాత్రం వేరు."

కానిస్టేబుల్ ఒకడు నవ్వాపుకోలేక దగ్గాడు. చిదంబరం లాఠీ చంకలోంచి తీసి సిద్దయ్య భుజంమీద పెట్టాడు.

"ఆ ముచ్చట తర్వాత. కుక్కకు విషం పెట్టింది వీడే. గుడిసెల ఎండ్రిన్ డబ్బా దొరికింది. మొన్న ఈ కుక్క వాని కోళ్లెంట పడ్డదని 'నీ పని జెప్త' అన్నడట. బసవరాజు పటేల్ పొద్దుగాల్నే స్టేషన్ల రిపోర్ట్ ఇచ్చిండు."

"కాల్మొక్త సారూ!" సిద్దయ్య గోడుగోడున ఏడ్చాడు. "తోటల పురుగుమందు పటేల్ తెచ్చిందే గద. కుక్కకెందుకు వెడ్త? ఆ అయ్య ఉన్నప్పుడు రోజు సాయంత్రం ఇద్దరొస్తుండె, గీ సుబేదారు నా సద్దిల రొట్టె దింటుండె."

"ఎండ్రిన్ తిన్న కుక్క ఎలా చస్తుందో ఎప్పుడైనా చూశావా చిదంబరం?" అన్నాడు గంగాధరరావు.

"కుక్క చావులు సూసుడు నా డ్యూటీ గాదు."

"డాక్టరు గారిని అడుగు పోనీ."

గోపాలరావు తల ఎత్తకుండానే చెప్పాడు. "ఎండ్రిన్ అయితే గంట తిరక్కుండా మూర్ఛలొస్తాయి. కాళ్లు కొట్టుకుంటాయి. దీనికి ఒక్క మూర్ఛ రాలేదు. వాంతులు, రక్తం, అంతే."

"గంతే గాదు," అన్నాడు చిదంబరం పట్టు వదలకుండా. "మందు తక్కువ పడి ఉంటది. మొన్న ఎలక్షన్ బందోబస్తుల ఇసొంటి కేసు ఒకటి సూసిన."

"మందు కాదు. సుబేదారు తిన్నది ఆముదం చెక్క."

ఆ మాట అన్నది గంగాధరరావు. అంటూ ఆయన డాక్టరు వైపు చూడలేదు, ఇన్‌స్పెక్టరు వైపూ చూడలేదు. వసారాలో అందరి చూపూ ఆయనమీదే ఉంది. ఆయన చూపు సీసామీద ఉంది.

సీసా మెల్లగా కిందికి జారింది. బసవరాజు మోచెయ్యి వంగిపోయింది. గొట్టంలోకి ఎర్రగా రక్తం ఎగదన్నింది.

"ఎత్తి పట్టండి పటేల్!" డాక్టరు కసిరాడు.

బసవరాజు గబుక్కున ఎత్తాడు. "చెయ్యి తిమ్మిరెక్కింది," అన్నాడు.

"పాపం, చాలాసేపయింది," అన్నాడు గంగాధరరావు. "ద్రాక్ష తీగలకు మీరు ఆముదం చెక్కే కదా వేసేది?"

"ఏస్తం. కని కార్తీకంల కొమ్మ కత్తిరించినప్పుడే ఏస్తం. ఇప్పుడు గెలలు పండుతున్నయ్. ఇప్పుడు వేరు కాడ గడ్డపార పెడితే గెల మొత్తం రాల్తది. నా కొట్టంల చారెడు చెక్క గూడ లేదు సార్."

"అయితే మొన్నటికి మీ తోటలో ఎక్కడా కొత్త చెక్క లేనట్టే."

"లేదు."

"ఆముదం చెట్లు ఊరంత ఉన్నయ్," చిదంబరం నవ్వాడు. "గింజలు మింగి ఉంటది. గంగాధరరావ్ సాబ్, మీకు వయసు మీదపడ్డది."

"గింజలు మింగితే పెంకులు గుండ్రంగా ఉంటాయి. ఇవి మిల్లులో నలిగినవి. చెక్కతోపాటు ఎముకల పొడి కూడా ఉంది. చెక్క, ఎముకల పొడి కలిపి మట్టిలో వేసేది ఎవరు చిదంబరం? ద్రాక్ష రైతు. ఉట్టి చెక్కను కుక్క వాసన చూసి వదిలేసేదేమో, ఎముకల పొడి కలిసేసరికి తినేసింది. కావాలని ఎవరూ పెట్టింది కాదు." ఆయన తారామణి వైపు తిరిగాడు. "మీ అన్నం కాదమ్మా. మీ చేతి అన్నంలో ఏ దోషమూ లేదు."

అప్పటిదాకా రాని ఏడుపు తారామణికి అప్పుడొచ్చింది. కుక్క చెవిమీద ముఖం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. డాక్టరు ఇవేవీ పట్టించుకోకుండా లేచి సంచీ తెరిచాడు. ఇక ఆయనకు దారి దొరికింది. బొగ్గు మెత్తగా నూరి నీళ్లలో కలపమన్నాడు, కోడిగుడ్ల తెల్లసొన తెప్పించమన్నాడు.

గంగాధరరావు సిద్దయ్య దగ్గరికి నడిచాడు. భువనగిరి యాస దానంతటదే నోటికొచ్చింది.

"సిద్దయ్యా, భయపడకుండ జెప్పు. తోటల కొత్తగ పూడ్చిన గుంత ఏమన్న ఉన్నదా?"

సిద్దయ్య యజమాని వైపు చూశాడు. యజమాని కుక్క వైపు చూస్తున్నాడు.

"ఒకటి ఉన్నది సారు. గోడకు దగ్గర్ల ఒక తీగ సచ్చిపోతే మాఘమాసంల నేనే గుంత దీసిన. ఎండకు ఎండాలె గద, వానలు పడ్డంక మొక్క వెడ్దమని ఇడిసిన. శివరాత్రికి నన్ను, ఐలమ్మను పటేలే కీసరగుట్ట జాతరకు తోలిండు. తెల్లారి మర్లొచ్చేటాలకు గుంత పూడ్సి, మొక్క వెట్టి ఉన్నది. పటేల్ తానే పెట్టిన అన్నడు. గిప్పుడెవరన్న పెడ్తరా అనుకున్న. పెద్దమనిషిని ఏమడుగుత?"

శివరాత్రి అన్న మాట వినగానే చిదంబరం మీసం మీది చెయ్యి దిగింది. ఎంత కోపిష్టి అయినా అతను మందమతి కాదు.

"నేను తోట చూసొస్తాను," అన్నాడు గంగాధరరావు. "నువ్వూ రా చిదంబరం. ఏమీ దొరక్కపోతే సిద్దయ్యను నువ్వే తీసుకుపో, నేను స్కూటరు తోసుకుంటూ ఇంటికి పోతాను. పటేల్, మీరు వస్తారా?"

బసవరాజు తల తిప్పకుండానే అన్నాడు. "సీసా ఎవరు పట్టుకుంటరు సార్? మీరు పోయి రాండ్రి. నేను ఈడనే ఉంట."

దిడ్డి తలుపు దాటితే ద్రాక్షతోట. రాతి కడీల మీద ఇనుప తీగలు లాగి అల్లించిన పందిరి ఎక్కడికక్కడ పచ్చటి కప్పు వేసినట్టుంది. వంగి నడవాలి. గెలలు నెత్తికి తగులుతున్నాయి. సిద్దయ్య ముందు నడుస్తూ రెండు వరుసలు దాటి ఆగాడు. ఐలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కానిస్టేబుళ్ల వెనకే నిలబడింది.

జానెడు మొక్క. నీళ్లు పోశారు గానీ ఎండిపోతోంది. దాని ఒక పక్క మట్టి గుల్లగా ఉంది, పైన ఎవరో చదును చేసి కాలితో తొక్కారు. తొక్కనిచోట గోళ్ల గీతలు ఇంకా మిగిలాయి. గంగాధరరావు మోకాళ్లమీద కూర్చుని రెండు చేతులతో మట్టి తోడాడు. మూరెడు కూడా దిగకముందే వేళ్లకు నల్లటి చెక్క తగిలింది. ఆ వాసన పందిరి కింద గుప్పుమంది.

"చారెడు లేదన్నడు గద!" అన్నాడు చిదంబరం. అతని గొంతులో ఎకసెక్కం లేదు.

"తవ్వించు. మెల్లగా."

సిద్దయ్య పార అందుకున్నాడు. పైన మట్టి. దాని కింద ఆముదం చెక్క. దాని కింద ఎముకల పొడి. అన్నిటికీ కింద మాగిన పెంట, ఎండాకు. ఏ పొరకు ఆ పొర కొలిచినట్టుగా ఉంది. గుంత పూడ్చడం తెలిసిన చేతులు పూడ్చిన గుంత.

గంగాధరరావు వంగి ఆ పొరలను ఒక్కొక్కటే చూశాడు. వట్టిమట్టి పోసి తొక్కేస్తే సరిపోయేది. కాని ఈ మనిషి చేతులకు ముప్ఫై ఏళ్లుగా తెలిసిన గుంత పూడ్చే పద్ధతి ఇదొక్కటే. ఆ రాత్రి భయంలోనో, పశ్చాత్తాపంలోనో, కింద ఏముందో చూడలేక కళ్లు మూసుకుని పూడ్చినా, చేతులు వాటి పాటికవి కొట్టంలోకి పోయి చెక్క తెచ్చాయి, పొడి తెచ్చాయి. పైన మొక్క నాటేదాకా ఆగలేదు. ద్రాక్ష రైతు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు. ఆ చెక్కే మొన్న సుబేదారును సగంలో ఆపేసింది. లేకపోతే వాడు ఆ సాయంత్రమే యజమానిని చేరుకునేవాడు.

"సారూ," అని సిద్దయ్య పార వదిలేశాడు.

ఎండాకుల్లోంచి తువ్వాలు మూట ఒకటి బయటపడింది. చిదంబరం లాఠీతో ముడి విప్పాడు. లోపల కుళ్లి ఎండిన ద్రాక్ష గెలలు. శివరాత్రి ఉపవాసానికి పళ్లు తెస్తానన్న మనిషి ఉప్పల్ బజారుకు పోలేదు. భార్యకు ఇష్టమైన పళ్లు గోడ అవతలే ఉంటే బజారెందుకు? బజారుకని బయల్దేరి, మనసు మార్చుకుని, తోటకు రోడ్డు వైపున్న గేటు దగ్గర సైకిలు నిలబెట్టి, స్నేహితుడి తోటలోకి వచ్చాడు. పళ్లు కోసుకున్నాడు. మూటకట్టుకున్నాడు. సైకిలు మౌలాలి చేరింది ఆ తర్వాత, బసవరాజు జీపులో. ఊరంతా కీసరగుట్టకు పోయిన సాయంత్రం ఆ ఇద్దరి మధ్య ఏ మాట నడిచిందో ఇక బసవరాజే చెప్పాలి. చెప్పకపోయినా ఒక ముక్క గంగాధరరావు ఊహించగలడు. వరస కలపని ఆ పిలుపులో ఎన్నాళ్లుగానో దాచుకున్న ఆశ ఉంది. దాన్ని ఆ సాయంత్రం స్నేహితుడు కనిపెట్టి ఉంటాడు.

మూట కింద చెప్పు ఉంది. చెప్పులో పాదం ఉంది.

ఐలమ్మ "అయ్యో కొడుకా" అని కూలబడింది. చిదంబరం టోపీ తీసేశాడు.

"సైకిలు స్టేషన్ల దొరికితే మనిషి స్టేషన్‌కు పోయిండని రాసిన," అన్నాడు చిదంబరం. "గిన్నొద్దులు ఆమె రైలు కూత ఇనవడ్తే వాకిట్లకొచ్చి నిలవడుతుండెనట. మనిషేమో గీడ ఉన్నడు."

"ఇప్పుడదంతా ఎందుకు?" అన్నాడు గంగాధరరావు. "బసవరాజు మనం తవ్వుతున్న చప్పుడు వినే ఉంటాడు. పారిపోలేదు చూశావా? జీపుంది, రోడ్డుంది. జీపు కదిలిన చప్పుడే లేదు."

"ఎందుకు పోలే?"

"ఆమె దగ్గర ఇంకాసేపు కూర్చుందామని."

అంటూనే గంగాధరరావు చటుక్కున ఇంటి వైపు తిరిగాడు. ఆ 'ఇంకాసేపు' అయిపోతే ఆ మనిషి ఏం చేస్తాడు? ఎక్కడికీ పోదలచుకోనివాడు పక్కనున్న మనిషిని వదిలిపెడతాడా?

"చిదంబరం, నువ్వు రోడ్డెంట తిరిగి వీధి వైపు నుంచి రా. పరుగెత్తు! నేను దిడ్డి దగ్గరికి పోతాను. కేకలు వెయ్యొద్దు."

చిదంబరం కానిస్టేబుళ్లను గుంత దగ్గరే ఉండమని సైగ చేసి, పందిరి కింద వంగి పరుగు తీశాడు. పాత అలవాటు ఒక్క క్షణం తిరిగొచ్చి, పోతూ పోతూ సెల్యూట్ కొట్టాడు.

గంగాధరరావు గోడ చేరేలోపే దిడ్డి తలుపులో తారామణి కనిపించింది. శివరాత్రి తర్వాత ఆమె నవ్వడం ఆయన చూడలేదు. ఇప్పుడు నవ్వుతోంది. ముఖమంతా తడి, నవ్వు.

"గంగాధరరావు గారూ! సుబేదారు లేచాడండీ! తనంతట తనే లేచి గిన్నెడు నీళ్లు తాగాడు. గండం గడిచినట్టేనన్నారు డాక్టరు గారు. ఇప్పుడే బస్సుకి వెళ్లారు." ఆమె గొంతు తగ్గించింది. పిల్లలు రహస్యం చెప్పుకునేటప్పటి గొంతు అది. "ఎవరికీ చెప్పలేదు, మీకు చెప్తున్నాను. రాత్రి మొక్కుకున్నానండీ. వీడు బతికితే ఆయన ఇంటికొస్తారని. వీడు పోతే ఇక రారని. బతికాడు. చూశారా, బతికాడు!"

గంగాధరరావు నోరు తెరిచాడు. ఆయన వృత్తిలోకి వచ్చి ఇరవై ఏళ్లు. ఎందరికో ఎన్నో చెప్పాడు. ఈ ఒక్కటి చెప్పేలోపే ఆయన చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి పోయింది.

ఆమె వెనక బసవరాజు వచ్చి నిలబడ్డాడు. చేతిలో సీసా లేదు. ఆయన గంగాధరరావు ముఖం చూడలేదు. చేతులు చూశాడు. మోచేతుల దాకా అంటుకున్న మట్టినీ, ఆ మట్టిలో నల్లటి పెళ్లలనూ చూశాడు. కోపం రాలేదు, భయపడలేదు. చాలా దూరం నడిచి వచ్చి అలసిపోయిన మనిషిలా ఉన్నాడు.

"అమ్మా, ఒక్కసారి ఇటు రండి," అన్నాడు గంగాధరరావు. "తోటలోకి. మీతో ఒక మాట చెప్పాలి."

"వస్తానండీ, వాడికి తెల్లసొన పట్టేసి వస్తాను. ఒక్క నిమిషం."

"ఇప్పుడే రండమ్మా!"

ఆ గొంతుకు ఆమె ఉలిక్కిపడింది. అప్పుడు ఆయన చేతులు చూసింది. నవ్వు ఇంకా ముఖంమీదే ఉంది, పోవాలో ఉండాలో దానికి తెలియడం లేదు. ఒక అడుగు ముందుకు వేసింది.

బసవరాజు ఆమె భుజంమీద చెయ్యి వేశాడు. మెత్తగా, ఒక్క రవ్వ బలం లేకుండా వేశాడు.

"ఎండ మస్తుగున్నది, లోపటికి రాండ్రి," అన్నాడు. "సారు చెప్పే ముచ్చట నేను చెప్త."

ఆమెను లోపలికి తిప్పి దిడ్డి తలుపు మూశాడు. గంగాధరరావు పరుగెత్తి వచ్చి తలుపుమీద పడేసరికి, అవతల గడియ పడింది.